చప్పుడు లేని బండి

పదకొండో రోజు కూడా పిట్ట ముట్టలేదు.

గుట్ట కింద విస్తరి పరిచి గంట దాటింది. తలకాయ కూర, బోటి, చేపల పులుసు, సీసాలో కల్లు. ధర్మేందర్ ఇష్టంగా తినేవన్నీ తల్లి కాటమ్మ తన చేత్తోనే వండింది. తుమ్మ చెట్టు మీద ఏడెనిమిది కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

మూడో రోజు దిగలేదు. ఐదో రోజు దిగలేదు. తొమ్మిదో రోజూ అంతే.

"కల్లు పులిసినట్టుంది. నేను జర సూడాల్నా?" అన్నాడు పాలోళ్ళ రాములు.

"నోరు ముయ్యిరా!" అన్నాడు తండ్రి వీరయ్య. కసిరే ఓపిక కూడా లేక కర్ర మీద వాలిపోయాడు. "వాని మనసుల ఏదో ఉన్నది. అది తీరకుంట ముట్టడు."

మూడో రోజున అతను ఒట్టు పెట్టుకున్నాడు. కొడుకు తిన్నాకే తాను తింటానని. అప్పటి నుంచి చాయ్, మంచినీళ్ళే. అరవై దాటిన మనిషి. నిన్న గొర్రెల దొడ్డి దగ్గర పడిపోతే నిడమనూరు నుంచి డాక్టరు వచ్చి చూశాడు. ఇంకొక్క రోజు ఇలాగే ఉంటే తాను చేసేదేమీ లేదని చెప్పి వెళ్ళాడు.

"ఇగ సాలు. ఇంటికి పోదాం పా," అంది కాటమ్మ. "పిట్టలకేం తెలుస్తది?"

"నువ్వు తల్లివేనా?" వీరయ్య ఆమెను తేరిపార చూశాడు. "కొడుకును కాలవెట్టినంక ఒక్క సుక్క రాలలేదు నీ కంట్లకెల్లి."

కాటమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

ధర్మేందర్ ప్రాణమంతా తన బండి మీదే ఉండేది. కరెంటు బండి. రాళ్ళలో, గుట్టల్లో తిరగడానికి చేసింది. నంబరు ప్లేటు లేదు, చప్పుడు లేదు. బోరు మోటారు దగ్గర చార్జింగు పెట్టేవాడు. గొంగడి భుజాన వేసుకుని, గొర్రెల వెంట గుట్టంతా ఎక్కించేవాడు. గొర్రెలు బెదిరేవి కావు. మనుషులే బెదిరేవాళ్ళు. వెనక నుంచి దయ్యంలా వచ్చి పక్కన ఆగేవాడు మరి.

ఆ బండి సాగర్ కాలువ కట్ట మీద పడి దొరికింది. మట్టి దిబ్బ ఎక్కించి ఎగరేయబోయాడని అనుకున్నారు. మనిషి మూడు రోజుల తర్వాత దిగువ తూము దగ్గర తేలాడు. తలకు హెల్మెట్, మోకాళ్ళకు ప్యాడ్లు అలాగే ఉన్నాయి. మొహం మాత్రం మొహంలా లేదు. మిర్యాలగూడ దవాఖాన నుంచి గుడ్డలో చుట్టి తెచ్చారు. ఆ సాయంత్రమే కాల్చేశారు.

"బండి అడుగుతుండు వాడు," అన్నాడు వీరయ్య హఠాత్తుగా. "తేండ్రి. ఒక్కసారి గుట్ట తిప్పుండ్రి."

"బండి వద్దు!"

కాటమ్మ అరుపుకు అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఉండక్కా," అన్నాడు కోదాడ నుంచి వచ్చిన ఆమె తమ్ముడు శ్రీనాథ్. "బావ మాటే కానిద్దాం. పోయేదేముంది?"

శ్రీనాథ్ బండి తెచ్చాడు. ధర్మేందర్ గొంగడే కప్పుకున్నాడు. తాళం తిప్పితే పచ్చ లైటు వెలిగింది. బండి గుట్ట వెనక్కి వెళ్ళి మాయమైంది.

అందరూ అటే చూస్తున్నారు. ఏ శబ్దమూ లేదు.

పెద్ద బండరాయి పక్క నుంచి గొంగడి రెపరెపలాడుతూ బయటికి వచ్చింది. కింద రాళ్ళు నలిగిన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. మేస్తున్న గొర్రెలు ఒక్కసారిగా తలలెత్తాయి. మందంతా కదిలి బండి వెనక పరుగు తీసింది.

రాములు రెండడుగులు వెనక్కి వేశాడు.

"వచ్చిండు! నా కొడుకొచ్చిండు!" వీరయ్య కర్ర వదిలేసి చేతులు జోడించాడు. "నీ బండి ఎవ్వలకియ్య బిడ్డా. నీ గొర్లను అమ్ముకోను. తిను నాయనా, జర తిను!"

ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ నడిచింది. మెడ వంచి తలకాయ కూర వంక చూసింది.

ఎగిరిపోయింది.

వీరయ్య ఉన్నచోటే కూలిపోయాడు.

నీడలోకి మోసుకెళ్ళి పడుకోబెట్టారు. తండా నుంచి వచ్చిన చాందీ కొంగు తడిపి అతని మొహం తుడిచింది. చావు జరిగినప్పటి నుంచి పూటపూటకూ వచ్చి ఈ ఇంటి గిన్నెలు తోముతోంది ఆ పిల్ల.

"మా ఆయన తావుర్యా ఉంటె పెద్దయ్యను ఒక్కడే ఎత్తుకపోతుండె," అంది. "సెంట్రింగు పనికని ఐదరాబాదు పోయిండు. ఫోన్ గూడ ఎత్తుతలేడు, సన్నాసి. రానీ, చెప్త."

వీరయ్య కళ్ళు సగం తెరిచాడు. "రేపు... మల్ల పెడుదాం."

శ్రీనాథ్ అక్కను పక్కకు తీసుకెళ్ళాడు. "రేపు సాయంత్రం దాకా బావ ఉండడక్కా. వాడికి ఇంకేం ఇష్టమో గుర్తు చేసుకో. ఏదో మర్చిపోయి ఉంటావు."

"ఏం మర్వలేదురా," అంది కాటమ్మ.

వీరయ్యను మంచం మీద మోసుకుంటూ మగవాళ్ళు వెళ్ళిపోయారు. విస్తరి ఎత్తడానికి ఆడవాళ్ళిద్దరే మిగిలారు. చెట్టు మీది కాకులు ఇంకా అక్కడే ఉన్నాయి.

చితి ఆరకముందే ఫోన్ చేసి "కాలువల పడ్డది నేను గాదమ్మా, తావుర్యా... బండి నేనే ఇచ్చిన... ఎవ్వలకు చెప్పకు" అని ఏడ్చిన కొడుకు గొంతు చెవుల్లో మోగుతుండగా, కాటమ్మ చాందీ చెయ్యి పట్టుకుని అడిగింది: "బిడ్డా, మీ ఆయనకు ఏం కూర ఇష్టం?"