పడి లేచే గీత

గ్రాఫీన్ అనే అతి పలుచని కార్బన్ పొర మీద కొత్త పూత వేసి, మామూలు వెలుతురును కూడా పసిగట్టేలా చేయడానికి ఆ పరిశోధకురాలికి ఎనిమిది నెలలు పట్టింది. పొద్దున్నే ఫలితం చూపించాలి. అందుకే ఆ రాత్రి ల్యాబ్‌లో ఒక్కతే కూర్చుంది. ఆ పూత వేసిన గోరంత పలక మీద దీపం వెలుగు పడినంతసేపూ కంప్యూటర్ తెరపై గీత ఎత్తుగా, తిన్నగా సాగుతుంది.

ఉన్నట్టుండి గీత కిందికి పడి, లేచింది. కాసేపటికి మళ్లీ అంతే. పూత ఊడిపోతోందేమోనని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది.

"పూత పాడైతే గీత మెల్లగా దిగుతుందమ్మా, ఇలా పడి లేవదు," అన్నాడాయన నిద్రమత్తులోనే. "దీపానికి నువ్వే అడ్డొస్తున్నట్టున్నావు. దూరంగా జరిగి చూడు."

ఆమె వెళ్లి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. గడియ వేసే ఉంది. ఫ్యాను కూడా తిరగడం లేదు. గీత పడింది, లేచింది.

"ఇంకా పడుతోంది సార్. ఇందాకటి కన్నా త్వరత్వరగా పడుతోంది."

"అయితే నీ పలక బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే. దీపం ముందు ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నారంతే. గదిలో ఇంకెవరున్నారు?"

ఆమె గదంతా కలయజూసింది, తను తప్ప ఎవరూ లేరు. దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. ఈసారి పడిన గీత మళ్లీ లేవలేదు.