బాగా తగ్గింది

రెండు జతల బట్టలు, తువ్వాలు, కళ్ళజోడు సంచిలో సర్దింది ఆవిడ. మందుల డబ్బా మూత తీసి ఆగిపోయింది.

ఉండాల్సినవి రెండు షీట్లు. ఉన్నది ఒకటే.

"ఏమండీ, కొత్త డాక్టరు రాసిన పచ్చ షీటేది?"

"మందులాయన తీసుకెళ్ళాడు. ఇందాక బీపీ చూశాడుగా, బాగా తగ్గిందట. పాత మాత్రే చాలు, పచ్చది వేసుకోవద్దన్నాడు. ఇంకా ఏదో చెప్పాడు, రైలు ధ్యాసలో నా తలకెక్కలేదు."

"అది వేసుకోబట్టేగా తగ్గింది! తగ్గించిన మందునే ఎత్తుకుపోతాడా?"

వీధి చివరి షాపులో మందులిచ్చే మనిషి అతను. ప్రతి మంగళవారం మిషన్ చంకన పెట్టుకుని వచ్చేవాడు. బీపీ చూసి, అంకెలు ఒకే చీటీ మీద వరసగా రాసి, ఆయన జేబులో పెట్టి పోయేవాడు. మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు.

ఆవిడకి మొదటినుంచీ అదే అనుమానం. ఊరికే ఎవరొస్తారు?

"ఇందుకన్నమాట ఈ రాకపోకలు! ఇంకొకరికి అమ్ముకుంటాడు."

"ఊరుకోవే. మంచివాడు."

"మీకు అందరూ మంచివాళ్ళే. దారిలో మీకేమన్నా అయితే?"

మంచం పట్టిన అక్కని చూడాలని ఆయన పట్టుబట్టాడు. ఇంత దూరం ఒక్కడే వెళ్ళడం ఇదే మొదలు.

చెప్పులేసుకుని షాపుకి నడిచింది. అతను లేడు. యజమాని ఉన్నాడు.

"మీవాడు మా ఇంట్లో బీపీ మాత్రల పచ్చ షీటు దొంగిలించాడండీ."

"మావాడా?"

"కాదంటే వీధంతా చెప్తాను."

యజమాని కొత్త పచ్చ షీటు తీసిచ్చాడు.

ఆవిడ దాన్ని డబ్బాలో పెట్టి, "రెండూ మర్చిపోకుండా వేసుకోండి" అంటూ ఆయన్ని రైలెక్కించింది.

శుక్రవారం ఫోన్ మోగింది.

"రైలు దిగుతూనే పడిపోయానే. కంగారుపడకు, ఆస్పత్రిలో ఉన్నా. ఇప్పుడు లేచి కూర్చున్నా."

"అయ్యో! మందు చాల్లేదా?"

"ఎక్కువైంది. రెండు షీట్లూ ఒకటే మందట, పేర్లే వేరట. బీపీ అడుగంటింది. ఇక్కడి డాక్టరు నా జేబులో చీటీ చూశాడు. వారం వారం అంకెలు దిగుతూ వచ్చాయి. కింద 'రెండూ ఒకటే, పచ్చది ఆపాలి' అని రాసుంది. అది చూసే వెంటనే పట్టుకున్నాడు. రాసినాయనకి దణ్ణం పెట్టుకోమన్నాడు."

ఆవిడ ఫోన్ ఇంకో చేతికి మార్చుకుంది.

"ఇంతకీ పచ్చ షీటు మళ్ళీ డబ్బాలోకి ఎలా వచ్చిందే?"

"నేనే పెట్టానండీ."

ఫోన్ పెట్టేసి షాపుకి పరుగెత్తింది.

"మీ మందులాయన ఏడండీ?"

"మీరేగా దొంగన్నారు! అడిగితే తీసుకొచ్చిన మాట నిజమేనన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు, నేనే వినలేదు. ఆ సాయంత్రమే మానిపించేశాను."

యజమాని సొరుగులోంచి ఒక కవరు తీసి, "ఇది ఇవాళే కంటపడింది" అంటూ బల్ల మీద పెట్టాడు. లోపల ఆ పచ్చ షీటు, అలాగే ఉంది. పైన గుండ్రటి అక్షరాలు: 'పెద్దాయనది. ఊరినుంచి రాగానే డాక్టరుకి చూపించాలి.'

"ఇల్లెక్కడ?"

"ఖాళీ చేశాడటమ్మా. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

ఆదివారం ఆవిడ భర్త క్షేమంగా ఇల్లు చేరాడు. మంగళవారం షాపు మెట్లు దిగి వెళ్ళిన మందులాయన మాత్రం మళ్ళీ రాలేదు.