ఒంటె పెరుగు

"అయ్యబాబోయ్, ఎంత పని చేసేనండీ!"

అరబ్బు ఎడారిలో మఫ్రఖ్ అనే ఊళ్లోని ఓ ల్యాబులో ఊడ్చి తుడిచే మంగ, ఫ్రీజర్ ముందు చతికిలబడిపోయింది. పొద్దున వాక్యూమ్ పెట్టుకోవడానికి ఫ్రీజర్ ప్లగ్గు పీకింది. మళ్లీ పెట్టడం మరిచిపోయింది. సాయంత్రం ఐదింటికి చూస్తే లోపలున్న ఎంజైము సీసాలన్నీ కరిగి చెమటలు కక్కుతున్నాయి.

అది అల్లాటప్పా ఎంజైము కాదు. ఒంటె పాలు ఓ పట్టాన గట్టిగా తోడుకోవు. వాటిని గడ్డపెరుగు చేసే ఎంజైము కోసం డాక్టర్ జిలానీ బాషా ఐదేళ్లుగా ఆ గదిలోనే జుట్టు నెరిసిపోయేలా కూర్చున్నాడు. రేపు పొద్దున ముదీర్, అంటే ల్యాబు నడిపించే పెద్ద మేనేజరు, స్వయంగా వచ్చి గ్లాసు బోర్లించి చూస్తాడు. పాలు కారిపోయాయంటే ల్యాబు ఖలాస్ అని పనివాళ్ల క్యాంపులో ఒకటే గుసగుసలు. అదే జరిగితే డాక్టరు నెల్లూరుకీ, ఈ ల్యాబు వీసా మీద వచ్చి ఎనిమిది నెలలైనా కాని మంగ రాజోలుకీ విమానం ఎక్కాల్సిందే.

డాక్టరు లోపలికి రాగానే మంగ ఏడుపు లంకించుకుంది.

"నన్ను తిట్టండి సార్, కొట్టండి. మీ మందంతా కరిగిపోయిందండి!"

"ఏడవబాకమ్మా. కరిగితే కరిగిందిలే, ఇప్పుడేమైందని?"

మంగ ఏడుపు టక్కున ఆగిపోయింది. ఇంత మంచి మనిషిని తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆయన ఒక సీసా తీసి ఎలక్ట్రిక్ కెటిల్లో పడేశాడు. నీళ్లు కుతకుతలాడేదాకా ఉంచి, బయటికి తీసి, చల్లారాక అందులో ఉన్నది ఒంటె పాల గ్లాసులో పోశాడు.

"అలా మరిగిస్తారేటండీ?"

"అదొక పద్ధతిలేమ్మా" అని చూపు తిప్పుకున్నాడు. గ్లాసు మీద మూత పెట్టి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

దుఃఖాన్ని దిగమింగుకోలేక ఈల వేస్తున్నాడనుకుంది మంగ. ఏదో ఒకటి చెయ్యాలి. అయినా ఎంజైము లేకపోతే కొంపేం మునిగింది? వాళ్లమ్మమ్మ ఏ ఎంజైము చూసి పెరుగు చేసింది? తోడు దొరకని రోజున గోరువెచ్చటి పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేసేది. మంగ టిఫిను డబ్బాలో చద్దన్నంలోకి తెచ్చుకున్న మిరపకాయలు ఇంకా నాలుగున్నాయి. నాలుగింటి తొడిమలూ తుంచి గ్లాసులో వేసింది. తన స్వెట్టరు చుట్టి, వేడిగా ఉన్న ఏదో మిషను పక్కన పెట్టి, ఏసుప్రభువుకు దండం పెట్టుకుని బస్సెక్కింది.

పొద్దున తొమ్మిదింటికల్లా ముదీర్ వచ్చాడు. జిలానీ బాషా చేతులు వెనక్కి కట్టుకుని, గ్లాసు వంక చూడనైనా చూడకుండా మొదలుపెట్టాడు.

"ముదీర్, ఈసారి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఇంకొక్క ఏడాది గనక ఇస్తే..."

ముదీర్ గ్లాసు బోర్లించాడు. చుక్క రాలలేదు. అడుగున తట్టాడు. కదల్లేదు. అప్పుడు జిలానీ బాషా వంగి గ్లాసు వంక చూశాడు. తలుపు పక్కన మంగ ఆనందంతో చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

"మబ్రూక్, యా దక్తూర్!" ముదీర్ ఆయన్ని గట్టిగా కౌగిలించుకుని, మంగకి కూడా అర్థమయ్యే హిందీలో అన్నాడు. "సాధించారు! పని ఖలాస్! ఇక ఈ ల్యాబుతో ఏం పని? నెలాఖరుకి మూసేద్దాం. మీరందరూ హాయిగా ఇళ్లకి వెళ్లండి."

ముదీర్ వెళ్లిపోయాక జిలానీ బాషా కుర్చీలో కూలబడ్డాడు. చెంచాతో పెరుగు కెలికాడు. పచ్చటి తొడిమ ఒకటి పైకి తేలింది.

"ఎవురమ్మా ఈ పని చేసింది?"

"నేనేనండి" అంది మంగ బిక్కచచ్చిపోయి. "పాలు తోడుకోపోతే మీ ఉద్యోగం పోద్దేమోనని..."

"మొదటి ఏడాదే తోడుకున్నాయి తల్లీ!" జిలానీ బాషా రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. "మళ్లా తోడుకోకుండా చూసుకోడానికే గదా, ఏటేటా ఆ ఎంజైముని ఉడకబెట్టి చంపతా ఉండేది!"