తాత టెస్ట్

"తాత టెస్ట్ వాళ్ళెవరమ్మా?" కౌంటర్ దగ్గర్నుంచి నర్సు కేకేసింది.

టైలరమ్మ చెయ్యెత్తింది. ఇలాంటి రోగాలు తాతల నుంచి వస్తాయి కాబట్టి ఆ పేరు పెట్టారు కాబోలు అనుకుంది.

"కూర్చో, పిలుస్తాం."

కూర్చుంది. అమ్మ క్యాన్సర్‌తో పోయింది. అక్కా పోయింది. వారం కింద తన రక్తం తీసుకున్నారు. నిన్న స్కాన్ కూడా చేశారు. ఎందుకో చెప్పలేదు. వారం నుంచీ సూదిలో దారం ఎక్కించడానికి కూడా చేతులాడటం లేదు.

పక్క కుర్చీలో ముసలాయన నీళ్ళ గ్లాసు ఎత్తాడు. చెయ్యి గజగజ వణికింది. నీళ్ళన్నీ ఆమె ఒళ్ళో పడ్డాయి.

"పొద్దున్నే తాగొచ్చారా?" కస్సుమంది.

"తాగితే మాత్రం ఈ చెయ్యి మాట వింటుందా తల్లీ!" మాట కూడా ముద్దముద్దగా ఉంది. "భయంగా ఉందా?"

"మీకెందుకు?"

"నా చెల్లెళ్ళు ముగ్గురూ ఇలాగే భయపడేవాళ్ళు..."

ఆమె వినలేదు. ఛీ, ఆస్పత్రికి కూడా తాగొస్తారా మనుషులు! లేచి దూరంగా వెళ్ళి కూర్చుంది.

కాసేపటికి డాక్టరమ్మ పిలిచింది.

"మీ ఇంట్లో క్యాన్సర్ తెచ్చే జన్యువు నీలోనూ చెడిపోయి ఉందమ్మా."

"అయితే నేనూ పోతానా? నా బిడ్డకి నాలుగేళ్ళే మేడమ్!"

"ముందు ఏడుపాపు. టెస్ట్‌లో తేడా కనబడబట్టే స్కాన్ చేయించాను. గడ్డ పెసరగింజంతే ఉంది. తీసేస్తే చాలు. మీ అమ్మ రోజుల్లో ఈ టెస్ట్ లేదు."

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. "మా తాతల పుణ్యం మేడమ్!"

"మీ తాతలు కాదులే!" డాక్టరమ్మ నవ్వింది. "ఆ జన్యువు చెడితే కొందరికి క్యాన్సర్. కొందరికి మెదడులో కణాలు చచ్చిపోయి, చేతులు వణుకుతాయి, మాట ముద్దవుతుంది. రెండిటికీ మూలం ఒకటేనని ఒకాయన ఇరవయ్యేళ్ళు రక్తం ఇస్తే తేలింది. ముగ్గురు చెల్లెళ్ళని క్యాన్సర్‌తో పోగొట్టుకున్న మనిషి. మేమంతా ఆయన్ని తాతా అంటాం. టెస్ట్‌కీ ఆ పేరే నిలిచిపోయింది."

తడిసిన ఒడి చల్లగా తగిలింది. ఆమె బయటికి పరుగెత్తింది.

కుర్చీ ఖాళీగా ఉంది. కింద నీళ్ళు ఇంకా ఆరలేదు.

"ఆయనేరి?" నర్సుని అడిగింది.

"వెళ్ళిపోయారమ్మా, ఇక రాలేనన్నారు. పోయాక మెదడు కూడా ఇస్తానని సంతకం పెట్టి, నీళ్ళు ఒలకబోసినందుకు ఆ అమ్మాయికి తాత సారీ చెప్పాడని చెప్పమన్నారు."