వెనక వరుస మనిషి

శుక్రవారం జుమ్మా నమాజు ముగిసింది. అందరూ లేస్తుంటే వెనక వరుసలోని కొత్త మనిషి చెయ్యి చాచి అజహర్ మడమ పట్టుకున్నాడు.

పక్కనే ఉన్న తండ్రి తాజుద్దీన్ ఉలిక్కిపడ్డాడు. జనగామలో పరుపులు కుట్టే అతనికి అజహర్ ఒక్కగానొక్క కొడుకు.

"ఏంది భాయ్, పిల్లగాని కాలు పట్టుకుంటవేంది?"

"మడమల ఎనక గడ్డలున్నయి చూడు. చిన్నప్పుడు కండ్లకు పొర కమ్మి మోతిబిందు అయిందా?"

మాట ముద్దముద్దగా వచ్చింది. లేవబోయి తూలాడు. నమాజు మొదలుకాకముందు, ముందు వరుసలో చోటుంది రమ్మని పిలిచినా అతనెందుకు రాలేదో తాజుద్దీన్‌కు అర్థమైపోయింది.

"అల్లా ఇంటికి తాగొస్తవా? సిగ్గు లేదా?"

రెక్క పట్టి గుంజుకుపోయి బయట వదిలాడు. ఆ మనిషి మెట్ల మీద చతికిలబడ్డాడు. కోపం మాత్రం తెచ్చుకోలేదు.

"దేర్ చెయ్యకు భాయ్. జల్దీ హైదరాబాద్ తీస్కపో. మెదడు డాక్టర్‌కు చూపియ్యి."

"మడమకు మెదడు డాక్టరా!" చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

ఇంట్లో ఈ సంగతి విని భార్య రషీదా బేగం మాత్రం నవ్వలేదు.

"మనోనికి చిన్నప్పుడు మోతిబిందు ఆపరేషన్ అయినట్టు ఆయనకెట్ల ఎరుక?"

తాజుద్దీన్‌కు ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. తరగతిలో ముందుండే కొడుకు ఈమధ్య పాఠాలు మరిచిపోతున్నాడు, నడుస్తూ నడుస్తూ తడబడుతున్నాడు. నీరసమని తనే సర్దిచెప్పుకుంటూ వచ్చాడు.

పరుపుల గిరాకీ తగ్గాక హైదరాబాద్ పోయారు. మెదడు డాక్టర్ సౌందర్య అజహర్ మడమలు నొక్కి చూసి మొదట అడిగిన మాట అదే.

"చిన్నప్పుడు కంట్లో శుక్లం వచ్చిందా?"

"అయింది మేడం, ఆపరేషన్ చేయించినం," అన్నాడు తాజుద్దీన్.

పరీక్షలన్నీ అయ్యాక ఆమె చెప్పింది. "కొలెస్ట్రాల్‌ను పిత్తరసంగా మార్చడానికి ఒంట్లో ఒక ఎంజైమ్ ఉండాలి. మీవాడికి అది పుట్టుకతోనే పనిచెయ్యదు. మారాల్సిన కొవ్వు మారక కంట్లో, మడమల్లో, మెదడులో పేరుకుంటోంది. మందుంది. ఇంకా ముదరలేదు కాబట్టి ఆపగలం."

కంటికి కనబడని ఒక్క ఎంజైమ్! దాని చేతిలోనా తన బిడ్డ చదువూ నడకా మాటా! తాజుద్దీన్ వంగి కొడుకు మడమలు తడిమి చూశాడు.

"ఇంత తొందరగా పట్టిందెవరు?" అని అడిగింది డాక్టర్.

"మసీదుల ఒక తాగుబోతు, మేడం. తూలుకుంట, ముద్దముద్దగా..."

"గూడూరు తన్వీర్." ఆమె కళ్ళద్దాలు తీసింది. "చుక్క ముట్టని మనిషి. ఆయనదీ ఇదే జబ్బు. మెదడు పాడయ్యాకగాని మాకు దొరకలేదు."

తాజుద్దీన్ కుర్చీలోంచి లేచాడు. "యాడుంటడు మేడం? మాఫీ అడగాలె."

"పోయిన వారం చనిపోయాడు."

తాజుద్దీన్ కళ్ళ నిండా నీళ్ళు.

"మా జనగామకు ఎందుకొచ్చిండు మేడం?"

"జుమ్మాకొక ఊరు పోయేవాడు, అన్ని ఊళ్ళలోనూ వెనకే నిలబడేవాడు. ఎందుకయ్యా అంటే, 'ముందు వరుసల నిలబడితే ఎవ్వరి మడమలు కనబడయి మేడం' అనేవాడు."