పక్కచూపు

"చూపొస్తుందా రాదా, ఒక్కమాటలో చెప్పండి డాక్టరుగారూ," అంది అక్క.

ఒక్కమాటలో చెప్పడం డాక్టరు వల్ల కాలేదు. అక్క కళ్లకు జబ్బులు రెండు. ముందు వైపు శుక్లం కమ్మింది. అది తీసి కొత్త లెన్సు పెట్టొచ్చు. వెనకనున్న పొర వయసుతో సరిగ్గా నడిమధ్యన అరిగిపోయింది. దానికి మందు లేదు.

"కిటికీ అద్దం మార్చగలనమ్మా. లోపలి గోడకు పడ్డ చిల్లు పూడ్చలేను. ఎదురుగా చూస్తే ఆ మచ్చ అలాగే ఉంటుంది. పక్కల్నుంచి మాత్రం వెలుగు, రంగులు, మెట్లు తెలుస్తాయి."

"మనిషి మొహం కనపడనప్పుడు మెట్లు కనపడి ఏం లాభం? ఎక్కించడానికి ఇదుందిగా," అంటూ అక్క పక్కనున్న చెల్లెలి మోచెయ్యి తడిమి పట్టుకుంది.

చెల్లెలు మెల్లగా ఆ చెయ్యి విడిపించుకుంది.

"చెయ్యండి డాక్టరుగారూ. ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా."

అక్కాచెల్లెళ్లకు ఉన్నది ఒకే ఒక కుట్టుకొట్టు, దాని వెనక ఒక గది. ముప్పై ఏళ్లు అక్క బట్ట కత్తిరించింది, చెల్లెలు కుట్టింది. నాలుగేళ్ల కిందట ఒకరోజు, సుద్దతో తిన్నగా గీసిన గీత అక్క కంటికి మెలికలు తిరిగి కనిపించింది. ఆ తర్వాత మెలిక ఉన్నచోట బూడిదరంగు మచ్చ పడింది. ఇక ఆమె కత్తెర ముట్టలేదు. దువ్వెన దగ్గర్నుంచి చెప్పుల దాకా చెల్లెలే అందించేది, విసుక్కోకుండా. ఆ విడిపించుకున్న చెయ్యే కొత్త.

కాస్త మెరుగ్గా ఉన్న కంటికి ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పగానే అక్క చెల్లెలి వైపు చూసింది. శాలువా నీలం ధగధగలాడుతోంది. శాలువా పైన మెడ. మెడ పైన మచ్చ.

"నీ శాలువా కనపడుతోందే. నువ్వు కనపడ్డం లేదు," అని ఏడ్చింది.

"మొహం అటు తిప్పి కంటి కొసతో చూడు," అంది చెల్లెలు. ఓదార్పు అంతే.

నెల తిరిగేసరికి చెల్లెలు మరీ కఠినమైపోయింది. స్టవ్ నువ్వే వెలిగించుకో అంది. దారపు ఉండలు నువ్వే తెమ్మని వీధిలోకి పంపింది. తను పదడుగుల వెనక నడిచింది. మలుపులో ఆగి ఉన్న బండికి కొట్టుకుని అక్క పడిపోతే, మోకాలు చీరుకుపోయి రక్తం కారుతుంటే, ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఇస్త్రీ ఆవిడ పరుగెత్తుకొచ్చి లేపింది.

"తోడబుట్టినదానివా, పగబట్టినదానివా?" అని చెల్లెల్ని దులిపేసింది.

ఆ సాయంత్రం అక్క మోకాలికి మందు తనే రాసుకుంది.

"నేను నీకు గుదిబండనయ్యాను. అంతేగా?"

చెల్లెలు కుట్టుమిషను తొక్కుతూనే ఉంది. కాసేపటికి ఆపింది.

"గీతలు వంకరపోయాక, మచ్చ పడ్డానికి ఎన్నాళ్లు పట్టిందక్కా?"

"పుండు మీద కారం చల్లకే."

"చెప్పు."

"ఏడాది కూడా పట్టలేదు. చాలా? కడుపు నిండిందా?"

మిషను మళ్లీ కదిలింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే మిగిలాయి. అక్క పంతం పట్టింది. తల కోడిలా పక్కకు వాల్చి అన్నీ తనే చేసుకుంది. అన్నీ ఏడుస్తూనే చేసుకుంది.

రెండో నెల చూపించుకోవడానికి వెళ్లినప్పుడు రెండంతస్తుల మెట్లు ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. డాక్టరు సంబరపడ్డాడు.

"ఇక మీరు ఒంటరిగా ఎక్కడికైనా వెళ్లొచ్చు."

"అదేగా దీనికి కావలసింది," అంది అక్క. "తీరిందిగా. ఇక జన్మలో దీని చెయ్యి పట్టుకోను."

లేచి, చెల్లెలి కోసం ఆగకుండా వెళ్లిపోయింది. మెట్ల మీద ఆమె అడుగులు ఎక్కడా తడబడలేదు. చివరి అడుగు వినపడేదాకా చెల్లెలు గుమ్మంలో నిలబడి, వెనక్కొచ్చి కూర్చుంది.

డాక్టరు తలుపు మూసి, చెల్లెలి రిపోర్టు తీశాడు.

"మీకు రెండో కంట్లో కూడా మొదలైందమ్మా."