మూడు చుక్కల వెనక

“ఇదిగో గుంటా, ప్రింటు బొమ్మ నిన్న ఇక్కడే ఉండీది! ఏ దెయ్యం ఎత్తుకెళ్లిపోనాది?”

ఆదినారాయణ కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు మానిటర్‌కి తగిలేంత దగ్గరగా వంగాడు. పక్క బల్ల దగ్గరున్న సుజానా కుర్చీలో ముందుకి జరిగింది. మామూలు రోజైతే లేచి వెళ్లి చూపించేదే. ఇవాళ ఆయన వెనక విశాఖపట్నం నుంచి వచ్చిన అధికారి సురేంద్ర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“సార్, ఆ మూల మూడు చుక్కలు...” అంది ఉండబట్టలేక.

“మీరు చెప్పకండమ్మా. ఆయన్నే చెయ్యనివ్వండి,” అన్నాడు సురేంద్ర.

పాడేరులోని ఆ కాఫీ రైతుల సంఘం ఆఫీసులో కంప్యూటర్‌కి కొత్త ప్రోగ్రాం పెట్టి నెల కావస్తోంది. పాత దాంట్లో పైన వరసగా మాటలుండేవి. ఇప్పుడు మాటలు పోయి బొమ్మలొచ్చాయి. ఒక బొమ్మ నొక్కితే ఇంకో నాలుగు పుట్టుకొస్తాయి. అసలు కావలసినవన్నీ ఓ మూల మూడు చుక్కల వెనక దాక్కుంటాయి. ఇంత సులువు చేశాక ఇంకా ఆపరేటర్ ఎందుకని పైవాళ్లు అడిగారు, అది తేల్చడానికే సురేంద్ర వచ్చాడు. గుమాస్తా ఆదినారాయణ తన పని తాను చేసుకోగలిగితే ఆపరేటర్ సుజానా రేపటి నుంచి రానక్కర్లేదు. ఆమె జీతం మీదే చెల్లెలి నర్సింగ్ చదువు నడుస్తోంది.

అలాగని ఆమె నేర్పకుండా దాచుకోలేదు. కూర్చున్న కొమ్మను నరుక్కుంటున్నానని తెలిసి కూడా, రోజూ పొద్దున్నే ఆయన పక్కన కుర్చీ వేసుకుని ప్రతి బొమ్మా చూపించింది. ఆయన తలూపేవాడు. “ఆఁ, బోధపడింది” అనేవాడు. మర్నాటికి కథ మళ్లీ మొదటికొచ్చేది.

“మన జి.మాడుగుల ఆఫీసులో అసలు ఆపరేటరే లేరు,” అన్నాడు సురేంద్ర. “నిన్న వాళ్లు పంపిన కాగితాలు చూశాను, ముత్యాల్లా ఉన్నాయి. మరి మీకేమైంది?”

“ఆళ్లు కుర్రోళ్లు బాబూ, ఇట్టే పట్టీసినారు. నా సంగతి ఏటి సెప్పమంటారు! పోపులపెట్టి ఎవులో సర్దీసినట్టుంది. పసుపనుకుని తీత్తే కారం వత్తంది.”

సుజానాకి నవ్వు రాబోయి ఆగింది. పోయిన శనివారమే ఆయన జి.మాడుగుల వెళ్లొచ్చాడు, మేనకోడలి బిడ్డ బారసాలని. వస్తూ వస్తూ ఆమెకి సంచీడు సీతాఫలాలు కూడా తెచ్చాడు. పళ్లు తెచ్చే బదులు అక్కడి ఆఫీసువాళ్లని రెండు ముక్కలు అడిగి నేర్చుకోకూడదూ, అనుకుంది విసుగ్గా.

ఆవేళ సంత. మిరియాల మొక్కల చీటీ కోసం కిటికీ అవతల అసిరమ్మ నిలబడి ఉంది. చీటీ చూపిస్తేనే నర్సరీలో మొక్కలిస్తారు, వాటిని జీపులో ఎక్కించుకుని కొండెక్కాలి. జీపు నిండాక ఎవరికోసమూ ఆగదు.

“బాబూ, బేగి ఇయ్యి. జీపు నిండిపోతంది,” అంది అసిరమ్మ.

“ఇత్తన్నానమ్మా, ఇత్తన్నాను.”

ఆదినారాయణ ఒక బొమ్మ నొక్కాడు. చీటీలో అక్షరాలన్నీ పసుపురంగులోకి మారిపోయాయి. కంగారుగా ఇంకోటి నొక్కాడు. ఈసారి పేజీ అడ్డం తిరిగింది. రోడ్డు మీద జీపు హారన్ మోగించాడు డ్రైవరు.

“ఇన్నేళ్ల సర్వీసు పెట్టుకుని ఒక్క చీటీ తియ్యలేరా?” సురేంద్ర గొంతు పెరిగింది. “సిగ్గుగా లేదూ మీకు?”

కిటికీ దగ్గర జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాత ప్రోగ్రాంలో ఇదే ఆదినారాయణ, కీబోర్డు కేసి చూడకుండా, వాళ్లతో సరసాలాడుతూ చీటీలు తీసి ఇచ్చేవాడు. అలాంటి మనిషి చెవులు ఎర్రబడి, తల వంచుకుని కూర్చుంటే సుజానాకి ఏడుపొచ్చింది. లోపల ఏ మూలో తనకి కాస్త ఊరటగా కూడా ఉన్నందుకు ఇంకా సిగ్గేసింది.

“నీకు దండవెడతాను, నువ్వు రా తల్లీ,” అని ఆయన కుర్చీ ఖాళీ చేశాడు.

సుజానా కూర్చుని పేజీ సరిచేసి, మూడు చుక్కలు నొక్కి, ప్రింటు తీసింది. “సల్లగుండు తల్లీ” అని అసిరమ్మ చీటీ అందుకుని నర్సరీ వైపు పరుగెత్తింది.

సురేంద్ర నిట్టూర్చి బ్యాగు మూశాడు. “ఈయనతో అయ్యే పని కాదు. ఈయన రిటైరయ్యేదాకా అమ్మాయి ఉండాల్సిందేనని రాస్తాను.”

“సిత్తం బాబూ,” అంటూ ఆదినారాయణ ఆ బ్యాగు అందుకుని, ఆయన్ని కారుదాకా సాగనంపడానికి వెనకే నడిచాడు.

సుజానా కళ్లు తుడుచుకుంది. ఉద్యోగం నిలబడింది. కానీ ఆ పెద్దాయన పరువు పదిమందిలో పోయాక నిలబడింది. ఇకమీదట ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్తానని మనసులోనే ప్రభువుకి మాటిచ్చింది.

అంతలో బల్ల మీద ఆదినారాయణ ఫోన్ మోగింది. ‘పైడితల్లి, జి.మాడుగుల ఆఫీసు’ అని కనబడితే, ఆఫీసు పనేమోనని ఎత్తింది.

“సార్ బయటికెళ్లారండీ. నేను ఇక్కడి ఆపరేటర్ సుజానాని. ఏం కావాలి?”

“ఏటీ లేదమ్మా, పేజీ అడ్డంగా తిప్పీ బొమ్మ ఎక్కడుందో మర్సిపోనాను. సార్ని అడుగుదావని.”

“నన్నడగండి, చెప్తాను. ఆ కొత్త మెనూలు సార్‌కి రావండీ.”

అవతల పైడితల్లి పకపకా నవ్వింది.

“అదేటమ్మా, మొన్న శనివారం మాకందరికీ అయి నేర్పింది ఆయనే గదా!”